పుండు చూడవచ్చినవాళ్ళు

మా వైపు జ్వరమొస్తే పలకరించి పోతారు. ఆపరేషనైతే బ్రెడ్డూ బత్తాయిలూ పట్టుకొని వస్తారు. పుండైతే మాత్రం చూడాలి. ఊరికే వాకిట్లో కూర్చుని, కాఫీ తాగి, "ఎట్లుండాదప్పా" అని అడిగి పోతే అది పలకరింపు కిందికి రాదు. కట్టు విప్పాలి, వంగి చూడాలి, నాలుక చప్పరించాలి, అయ్యో అనాలి. విప్పకపోతే వచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. "ఏం, మేము సూడగూడదా" అంటారు. ఆ మాట సాయంత్రానికల్లా కలికిరి దాకా పోతుంది.

ఈ మర్యాద వల్ల మా నాయన కాలి బొటనవేలు పోవలసింది. అందుకే దీన్ని ఇంత మర్యాదగా తలుచుకుంటున్నాను.

నేను మదనపల్లెలో ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్తాను. పుట్టింది పుంగనూరు. పుంగనూరు అనగానే ఎదుటివాళ్ళు కళ్ళు పెద్దవి చేసి "ఆవులుండాయా మీకు" అంటారు. మాకు ఆవు లేదు, టమోటా ఉంది. ఆవుకున్న మర్యాద టమోటాకు లేదు, టమోటా పండించేవాడికి అసలే లేదు. మా నాయన జన్మంతా ఆ పంటతోనే పడ్డాడు. చేలో మనిషెత్తు కట్టెలు వరసగా నాటడం, వాటికి అడ్డంగా తీగె లాగడం, చెట్టును దారంతో పైకి కట్టడం, పంటయ్యాక కట్టెలన్నీ పీకి పక్క మడిలో నాటడం. ఆయనకు తెలిసిన వ్యాయామం అదే.

పోయిన ఎండాకాలం అట్లా కట్టెలు పీకుతూ, భూమిలో విరిగి నిలబడిన ఒక మొన మీద కాలేశాడు. అది చెప్పులోంచి దూరి బొటనవేలి కింద దిగింది. ఆయనకు తెలియలేదు. షుగరు ముదిరి పాదాల్లో స్పర్శ పోయి అప్పటికి చాలా కాలమైంది. మిగతా కట్టెలన్నీ పీకి, మోపులు కట్టి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే తూములోకి నీళ్ళు ఎర్రగా పారడం చూసి మా అమ్మ అరిచింది. నాయన వంగి చూసి, "ఇప్పుడే తగిలిందేమోలే" అన్నాడు.

పసుపు పెట్టారు. కాఫీపొడి అద్దారు. నాకు ఫోను చేసింది వేలు నల్లబడినాకే. నేను తిట్లు మొదలుపెట్టి మదనపల్లెలో ఆస్పత్రికి తీసుకుపోయేదాకా ఆపలేదు. అక్కడ డాక్టరమ్మ చచ్చిన కండంతా కోసి తీసేసింది. తరువాత నన్ను పక్కకు పిలవకుండా ఆయన ముందే చెప్పింది, అందుకు ఆమె అంటే నాకు గౌరవం. "పెద్దాయనా, లోపల కండ పెరగాల, దాని మీదికి అంచుల్నుంచి కొత్త చర్మం పాకి రావాల. పాకితే వేలుంటుంది. పాకకపోతే వేలు తియ్యాల. ఆ తర్వాత పాదం సంగతి నేను మాటియ్యలేను. కాలు కింద పెట్టొద్దు. కట్టు తడిగా ఉండాల. మూడు నాలుగు రోజులకొకసారి మా నర్సు తప్ప ఎవరూ విప్పగూడదు."

నాయన బుద్ధిగా తలూపాడు. ఆయన అందరికీ అట్లాగే తలూపుతాడు.

చర్మం పాకి రావాలన్న మాట దగ్గర నాకు చిత్రమనిపించింది. నేను జీతం తీసుకుంటున్నది ఆ మాట మీదే. మా సిలబస్సులో ఒక ప్రశ్న ఉంది: జంతుకణ చలనంలో ఆక్టిన్‌ను అంటుకునే ప్రోటీన్ల పాత్ర. ఐదు మార్కులు. పిల్లలు ప్రొఫిలిన్, కోఫిలిన్, ఫిలమిన్, టాలిన్, విన్‌క్యులిన్ అని ఎక్కంలా వల్లించి పోయి రాసేస్తారు. ఐదుకు ఐదూ తెచ్చుకున్న ఒక అమ్మాయి, పరీక్షలైపోయాక స్టాఫ్‌రూముకు వచ్చి, "మేడమ్, కణం నిజంగానే పాకతాదా, ఊరికే అట్లా రాస్తారా" అని అడిగింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. కనీసం అడిగింది. మా స్టాఫ్‌రూములో ఉన్న తక్కినవాళ్ళం అడగకుండానే ఉద్యోగాలు తెచ్చుకున్నాం.

నేను మాత్రం చూశాను. కుప్పంలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు మా సారు మార్కెట్టు నుంచి బతికున్న జిలేబీ చేపను తెప్పించి, దాని ఒంటి మీద పొలుసొకటి పీకి, గాజు పలక మీద సెలైను చుక్కలో పెట్టించాడు. కాసేపటికి పొలుసు అంచు నుంచి కణాలు బయలుదేరాయి. ఒక్కొక్కటీ అర్ధచంద్రంలా ముందు వైపు వెడల్పుగా పల్చగా పరుచుకొని, వెనక కాస్త ఉబ్బి, గాజు మీద జారుకుంటూ పోతున్నాయి. కాళ్ళు లేవు, రెక్కలు లేవు, తోక లేదు. ఎక్కడికి పోతున్నాయో వాటికే తెలియాలి. అప్పటిదాకా నేను చదివిన జంతుశాస్త్రం మొత్తం చచ్చిన జంతువులదేనని ఆరోజు అర్థమైంది.

ప్రాక్టికల్సుకు బయటి నుంచి ఒక ఎగ్జామినరు వచ్చాడు. కొబ్బరి బోండాం తాగి, మూతి తుడుచుకొని, నా దగ్గరికొచ్చాడు. "సార్, చూడండి, పాకుతోంది" అన్నాను. ఆయన మైక్రోస్కోపు వంక కూడా చూడలేదు. "డయాగ్రమేదీ" అన్నాడు. ఇచ్చాను. ఆయన నా బొమ్మలో బాణంగుర్తు ఎటుండాలో దిద్దుతున్నంతసేపూ బతికున్న కణం అద్దం కింద నడుచుకుంటూ పోయింది, ఆయన దిద్దడం అయ్యేసరికి చూపులోంచే దాటిపోయింది. బాణానికి ఒక మార్కు కోశాడు. ఆ మహానుభావుడు ఇప్పటికీ ఎక్కడో బాణాలు దిద్దుతూనే ఉంటాడు.

సరే, నాయన సంగతి. ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రం ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టి, కాలు స్టూలు మీద పెట్టించి, ఆయనకూ అమ్మకూ పాఠం చెప్పాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే కదా. కణం లోపల ఆక్టిన్ అనే ప్రోటీనుతో చేసిన పోగులుంటాయి, అవి మన టమోటా కట్టెలనుకోండి అన్నాను. కణం కదలాలంటే ముందంచున కొత్త కట్టెలు లేవాలి, వాటి కొనలే పొరను ముందుకు నెడతాయి. కట్టెలకు కాళ్ళు లేవు గనుక పనివాళ్ళు కావాలి. ప్రొఫిలిన్ అనేది విడి ముక్కల్ని మోసుకొచ్చి పెరిగే కొనకు అందిస్తుంది. ఆర్ప్ అనే ముఠా ఒకటుంది, అది నిలబడిన కట్టె పక్కనుంచి ఏటవాలుగా ఇంకో కట్టెను లేపుతుంది. ముదిరిన కొనలు ఇక పెరగకుండా టోపీ పెట్టేది ఒకటి. కట్టెకూ కట్టెకూ అడ్డంగా బిగించి కట్టేది ఫిలమిన్. కింది నేలకు పట్టు ఇచ్చేవి టాలిన్, విన్‌క్యులిన్. వెనకాల ఉండి పాత కట్టెల్ని తుంచి ముక్కలు చేసేది కోఫిలిన్. ఆ ముక్కలే మళ్ళీ ముందుకు పోతాయి.

"వీళ్ళందరికీ కూలెవురిస్తారు" అంది అమ్మ.

"నాయన తినే రాగిసంగటే" అన్నాను.

"అదీ కొలిసి పెట్టమంటివే" అంది అమ్మ.

నాయన "పీకేవాడు లేకపోతే నాటేవాడికి కట్టె యాడిది. సరిగ్గానే ఉండాది" అన్నాడు. నాకు సంతోషమేసింది. ఇరవయ్యేళ్ళ పిల్లలకు ఎక్కనిది ఈయనకు ఎక్కిందనుకున్నాను. "అంచున కణాలు ఇట్లా ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని వరసగా పాకి వస్తాండాయి నాయనా. ఎండిన గుడ్డ లాగితే ఆ వరస వరసంతా గుడ్డతోనే ఊడొస్తాది. నాటిన మడిని రోజూ ఎవడో వచ్చి పీకి పారేస్తే ఏం పండతాది? కట్టు విప్పొద్దు" అన్నాను. ఆయన బుద్ధిగా తలూపాడు.

మామూలుగా మదనపల్లెలో ఉండేదాన్ని, ఆ కాలు మానేదాకా పుంగనూరులోనే ఉండిపోయాను. పొద్దున బస్సెక్కి కాలేజీకి పోతే మళ్ళీ సాయంత్రానికే వచ్చేదాన్ని. ఆ మధ్యలో మా ఇంట్లో ప్రదర్శన నడిచేది.

నిమ్మనపల్లె నుంచి చిన్నాయన వరసాయన ఒకడు వచ్చి, సెల్‌ఫోను లైటేసి, బావిలోకి తొంగిచూసినట్టు చూసి "లోతుండాది" అన్నాడట. పలమనేరు నుంచి వచ్చినవాళ్ళు నురుగొచ్చే మందు సీసా కొనుక్కొచ్చి పోశారు. నురుగొస్తే లోపలి పురుగు చస్తుందని వాళ్ళ నమ్మకం. చచ్చేది పాకే కణాలు, పాపం వాటికి కేకలు పెట్టడం రాదు. వీధిలో ఒకామె తన ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని మరీ చూసింది. వాసనొస్తుందని భయమున్న మనిషి చూడకుండా పోవచ్చు. అట్లా పోతే మర్యాద తప్పుతుంది కదా.

వీళ్ళకు కట్టు ఎవరు విప్పుతున్నారని అడిగితే అమ్మ పనుందని లోపలికి పోయేది. ఒకరోజు క్లాసు లేక మధ్యాహ్నమే వచ్చి చూశాను. విప్పుతున్నది మా నాయనే. ఎవరో తలుపు దగ్గర చెప్పులు విడుస్తుంటేనే ఈయన వంగి ముడి వెతుక్కుంటున్నాడు. వాళ్ళు అడగను కూడా లేదు. విప్పి, కాలు కాస్త పైకెత్తి, వాళ్ళ ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు. కింద పడిన గుడ్డ ఎండి అట్ట కట్టింది. దానికొక పక్కన తెల్లగా సన్నటి పొర అంటుకొని ఉంది. ఆ పొర ఏమిటో నాకు తెలుసు. అరికాలి మంట నెత్తికెక్కింది. వచ్చినవాళ్ళ ముందే "నీకు బుద్ధుందా నాయనా" అన్నాను. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వి, "వాళ్ళు అంత దూరంనించి వచ్చినారు గదా పాపా" అన్నాడు. అంత దూరం అంటే పక్క వీధి.

ఇక కుప్పం నుంచి మా మేనత్త దిగింది. నాయన కంటే పెద్దది. తనకన్నా ముందు పలమనేరువాళ్ళు చూశారన్న దుఃఖం ఆమెను బస్సులో కూర్చోనియ్యలేదట. సంచీ దించకుండానే "సూపించు తమ్ముడా" అంది.

"నిన్ననే నర్సు కట్టింది అత్తా, ఇప్పుడు విప్పగూడదు" అన్నాను.

"రక్తం పంచుకోని పుట్టినదాన్ని. నాకూ సూపించరా?"

"రక్తం పంచుకున్నావు, సరే. ఆ కాలు మాత్రం ఆయనొక్కడిదే. కోతిపుండు బ్రహ్మరాక్షసి అని మాకు సామెత సెప్పింది నువ్వే గదా. ఒక కోతికి పుండైతే ఊళ్ళో కోతులన్నీ వచ్చి గెలికి గెలికి పెద్దది చేస్తాయంట. ఆ కోతులు యాడుంటాయా అనుకుంటి. ఇప్పుడు తెలిసె."

అత్త నన్ను కాదు, నాయన్ను చూసి, "నీ బిడ్డ మమ్మల్ని కోతులనె తమ్ముడా. ఇంత సదివించింది ఇందుకేనా" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నిజమైన నీళ్ళే. నాయన వంగి కట్టు విప్పేశాడు. ఆమె చూసింది. "అయ్యో, అయ్యో నా తండ్రీ, ఎంత పని జరిగె" అని ఆ పాదం పక్కన కూర్చొని గుండెలు బాదుకుంది. తరువాత లేచి, చేతులు కడుక్కొని, సంగటీ ఊరిబిండి పచ్చడీ కడుపునిండా తింది.

ఆ వారం ఆస్పత్రిలో డాక్టరమ్మ గాయాన్ని చూసి మొహం ముడుచుకుంది. "కండ బాగా వచ్చింది. అంచున చర్మం వచ్చింది, చిరిగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ చిరిగింది. ఎవరు విప్పుతున్నారు?" అంది. నాయన "ఎవురూ లేదు" అన్నాడు. ఆమె నమ్మలేదు. "ఇంకొక్కసారి చూస్తాను. అప్పుడూ ఇట్లే ఉంటే వేలు తీసేస్తాను. బతిమాలితే విననని ఇప్పుడే చెప్తున్నా" అంది. ఆ మధ్యాహ్నం నర్సు కొత్త కట్టు వేసేముందు నేను ఫోనులో పుండును ఫొటో తీశాను. ఎందుకు తీశానో అప్పటికి నాకే తెలియదు. బస్సులో పుంగనూరు దాకా నాయన్ను తిడుతూనే వచ్చాను. ఆయన కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాడు. నాకు భయంగా ఉంది, చాలా భయంగా ఉంది. వేలు పోయి, తరువాత పాదం పోయి, కట్టెల మధ్య వంగి నడిచే మనిషి మంచానికి అతుక్కుపోతాడని భయం. భయమేస్తే నాకు తిట్లొస్తాయి.

బస్సు దిగాక ఎదురుగా ఫ్లెక్సీల అంగడి కనబడింది. మా ఊళ్ళో మనిషి పుట్టినా, చచ్చినా, ఏ చిన్న పదవి వచ్చినా, అదే అంగడి. ఆ రంగు రంగుల గుడ్డలు చూడగానే నాకు బుద్ధి పుట్టింది. వీళ్ళకు కావలసింది చూడడమే కదా. చూపిద్దాం.

అంగడబ్బాయి కంప్యూటరు ముందు కూర్చొని, "పుట్టినరోజా మేడమ్, శ్రద్ధాంజలా" అన్నాడు.

"పుండు" అన్నాను.

వాడు నా ఫోనులో ఫొటో చూసి కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. అయినా వ్యాపారం వ్యాపారమే. "కింద ఎవరెవరి ఫోటోలు వెయ్యాల? పెద్దోళ్ళవి" అన్నాడు. ఎవరివీ వద్దన్నాను. ఫొటో పెద్దది చెయ్యి, దాని పక్కన నేను గీసిచ్చిన బొమ్మ వెయ్యి, కింద నేను చెప్పిన మాటలు వెయ్యి అన్నాను. మాటలివి: "మా నాయన పుండు ఇదే. తనివితీరా చూడండి. అంచున కణాలు పాకుతున్నాయి. కట్టు విప్పితే చస్తాయి. విప్పమని అడగవద్దు." బొమ్మలో కణం, దాని లోపల టమోటా కట్టెలు, మోసే ప్రొఫిలిన్, తుంచే కోఫిలిన్, కట్టే ఫిలమిన్, అన్నీ పేర్లతో. బాణాలు కూడా పెట్టాను, ఆ ఎగ్జామినరు వచ్చినా ఒక్క మార్కు కొయ్యలేడు.

మరునాడు ఫ్లెక్సీ వచ్చింది. తలుపంత ఉంది. అందులో బొటనవేలు గుమ్మడికాయంత ఉంది. చుట్టూ గులాబీల అంచు, అడుగున పెద్ద అక్షరాల్లో "ఇట్లు, బంధుమిత్రులు". నేను అడగనే లేదు. అదేమిటని ఫోను చేస్తే, "అది లేకపోతే ఫ్లెక్సీ మాదిరుండదు మేడమ్" అన్నాడు అంగడబ్బాయి. ఒక విధంగా నిజమే. ఆ పుండు అంతదాకా రావడంలో బంధుమిత్రుల కృషి ఉంది కదా, సంతకం వాళ్ళదే ఉండనీ అనుకున్నాను.

వసారా గోడకు కట్టేసరికి అమ్మ కొంగుతో మొహం కప్పుకొని లోపలికి పోయింది. నాయనకు కోపమొచ్చింది. "ఫ్లెక్సీ వేసేది ఓట్లోళ్ళకీ, సచ్చినోళ్ళకీ. నేను ఎందులో లెక్క?" అన్నాడు. ఆయన అన్నట్టే అయింది. గులాబీ అంచును దూరం నుంచి చూసి వీధి చివర ఉండే ఒకాయన పూలదండ పట్టుకొని తలొంచుకొని వచ్చాడు. కింద కుర్చీలో నాయన కాఫీ తాగుతున్నాడు. దండ ఏం చెయ్యాలో తెలియక, కాసేపు నిలబడి, ఆయన మెడలోనే వేసి పోయాడు.

కానీ పని చేసింది. మొదటి రోజు నుంచే పని చేసింది. వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి, ఫ్లెక్సీ ముందు నిలబడి, నిజమైన పుండుకు ఎన్నడూ ఇవ్వనంత గౌరవం దానికి ఇచ్చారు. దగ్గరికి పోయి చూశారు, వెనక్కి వచ్చి చూశారు. వేలితో అంచు వెంబడి గీసి చర్చించుకున్నారు. అయ్యో అన్నారు, రెండేసిసార్లు అన్నారు. ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు, ఇద్దరు కాలేజీ పిల్లలు దాని పక్కన నిలబడి తమ ఫొటో కూడా తీసుకున్నారు. అసలు కాలు అడుగు దూరంలో స్టూలు మీద తెల్లటి కట్టుతో ఉంటే దాని వంక చూసినవాడు లేడు. కింద నేను రాసిన పాఠాన్ని చదివినవాడూ లేడు. నా ప్రోటీన్లకు పుంగనూరులోనూ ఐదు మార్కుల గౌరవమే దక్కింది.

నాయన కోపం కూడా ఎంతోసేపు నిలవలేదు. సాయంత్రం నేనొచ్చేసరికి కుర్చీని తిప్పుకొని కూర్చొని ఉండేవాడు, ఫ్లెక్సీ వైపు కాదు, దాన్ని చూసేవాళ్ళ ముఖాల వైపు. వాళ్ళు నాలుక చప్పరిస్తే ఆయన ముఖం కదిలేది. పైగా వ్యాఖ్యానం కూడా మొదలుపెట్టాడు. "ఈడు ప్రొఫిలిన్ అని, మోసేవాడు. ఈడు కోఫిలిన్, వెనకాల్నుంచి పీకతాండాడు. పీకకపోతే ముందుకు పోలేము" అని ఎవరికో చెప్తుంటే విన్నాను. మొత్తానికి ఈయనకు పేరు కావాలి, మనుషులు కావాలి, ఇంత బడాయి ఈ మనిషిలో ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియదే అనుకున్నాను. అమ్మతో కూడా అన్నాను.

కట్టు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. నర్సు విప్పిన ప్రతిసారీ గాయం అంచున నీలం కలిసిన గులాబీ రంగు పొర కాస్త లోపలికి జరిగి ఉండేది. ఎంత నెమ్మదో చెప్పలేను. చేప పొలుసు మీద కళ్ళముందు పరుగెత్తిన కణాలను చూసిన నాకు, షుగరున్న ముసలి కాలి మీద ఈ నడక చూస్తే ఏడుపొచ్చేది. అయినా నడిచాయి. నాటారు, పీకారు, మోశారు, నాటారు. ఫ్లెక్సీలో పుండు అట్లాగే ఎర్రగా లోతుగా ఉంది. దాని కింద కాలు మానుతోంది. బంధువులు మాత్రం ఇంకా పాత పుండుకే దుఃఖపడుతున్నారు.

డాక్టరమ్మ చివరిసారి కట్టు విప్పి, వేలు అటూ ఇటూ తిప్పి చూసి, "మూసుకుంది" అంది. ఏం చేసినారని అడిగింది. ఫ్లెక్సీ వేశామని చెప్పాను. వేళాకోళం అనుకొని నవ్వింది.

ఇంటికి రాగానే నేను కత్తి తీసుకొని వసారాలోకి పోయి ఫ్లెక్సీ తాళ్ళు కొయ్యబోయాను. నాయన కుర్చీలో కూర్చుంటూ, "ఉండనీలే పాపా" అన్నాడు.

"ఎవురికోసం ఉండాల? మానిన కాలికి పుండు ఫ్లెక్సీనా? పలమనేరోళ్ళు మళ్ళీ వచ్చి ఏడ్సాలనా? నీకు బో సంబడంగా ఉండాది నాయనా, ఊరంతా వచ్చి సూస్తే" అన్నాను. ఇంకా అనబోయాను.

"సంబడం గాదు" అన్నాడు. ఎప్పుడూ నా మాటకు అడ్డం రాని మనిషి. "నాకు దాని నొప్పి ఒగనాడన్నా తెలిసిందా? కట్టె దిగిననాడు తెలీలా. ఆయమ్మ కండ కోసేనాడు నేను పైన ఫ్యాను సూస్తా ఉంటి. నురుగుమందు పోస్తే బుసబుస పొంగతాది, నాకు నీళ్ళు పోసినట్టు గూడా ఉండదు. నువ్వు వేలు పోతాది అంటివి, పాదం పోతాది అంటివి. యాడ పోతాది, ఎట్ల పోతాది, నాకేం తెలస్తాది? వాళ్ళు వచ్చి సూసి అయ్యో అంటారు సూడు, అప్పుడు వాళ్ళ మొగం సూసి, ఓహో ఇంత నొప్పుండాదా అనుకుంటి. అందుకే విప్పితి. అంతకు మించి ఏం లేదు."

నేను కత్తి కింద పెట్టాను.

"నువ్వు కట్టెలంటివి, కణాలంటివి, పాకతాండాయంటివి. అన్నీ బాగనే సెప్తివి" అన్నాడు, కోపం లేకుండానే. "ఒగ తూరి గూడా అయ్యో అనలేదు నువ్వు. అంత పెద్దది కాదేమోలే అనుకుంటి."

ఆయన మళ్ళీ వీధి వైపు తిరిగాడు. పాల వ్యాను ఏదో పోతోంది, దాన్ని చూస్తున్నాడు. ఎవరిని తిట్టాలో తెలియలేదు. స్టూలు పక్కన కింద కూర్చొని, ఆయన కాలు తీసి నా ఒళ్ళో పెట్టుకొని, బొటనవేలి కింద కొత్త చర్మం మీద నా బొటనవేలు ఆనించాను. ఆయన వ్యాను వైపే చూస్తున్నాడు.

"నాయనా, నీ కాలు పట్టుకోని ఉండా" అన్నాను.

ఆయన ఇటు తిరిగాడు. "యాడ?"

"పుండుండిన సోట. కొత్త చర్మం మీద."

"ఎట్లుండాది?" అన్నాడు, కాలి వంక చూడకుండా, నా ముఖం వంక చూస్తూ.